బ్రీదర్ శుభ్రంగా ఉంటేనే ఇంజన్‌కు ఆయుష్షు

పాత ట్రాక్టర్‌కు గానీ, వాగు గట్టు మీది డీజిల్ ఇంజన్‌కు గానీ ఆయిల్ కారడం మొదలైతే మన రైతుల నోట ముందుగా వచ్చే మాట "సీలు పోయింది" అని. మెకానిక్ వచ్చి సీలు మారుస్తాడు. పది రోజులు తిరక్కముందే మళ్ళీ అక్కడే జిడ్డు కనిపిస్తుంది. "ఇక లాభం లేదు, బోరు చేయించాల్సిందే" అంటాడు. బోరంటే పిస్టన్లు, రింగులు, లైనర్లు, పైన కూలీ. రెండెకరాల రైతుకు పంట మీద మిగిలిందంతా దానికే పోతుంది. ఆ మాటకు తలూపే ముందు ఒక చిన్న భాగాన్ని విప్పి చూడండి. దాని పేరు బ్రీదర్. ఇంజన్ ఊపిరి వదిలే దారి అదే. దాన్ని కడగడానికి కావలసింది అర లీటరు డీజిల్, ఒక బ్రష్షు, అరగంట సమయం.

ఇంజన్‌కు ఊపిరి ఎందుకు?

సిలిండర్‌లో డీజిల్ మండినప్పుడు పుట్టే ఒత్తిడి పిస్టన్‌ను కిందికి తోస్తుంది. ఆ ఒత్తిడిని ఆపేవి రింగులు. రింగులు ఎంత కొత్తవైనా కొద్దిపాటి గ్యాస్ వాటి సందుల్లోంచి కిందికి, అంటే క్రాంకు తిరిగే ఆయిల్ ఛాంబర్‌లోకి దిగుతూనే ఉంటుంది. ఇంజన్ పాతబడిన కొద్దీ ఇది పెరుగుతుంది.

ఇలా దిగిన గ్యాస్‌లో పొగ, మసి, కాలని ఇంధనం, నీటి ఆవిరి ఉంటాయి. డీజిల్‌లో నీళ్ళెక్కడివని అనుకోవచ్చు. లీటరు డీజిల్ మండితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా తయారవుతుంది. అందులో ఎక్కువ భాగం సైలెన్సర్ గుండా పోతుంది. ఛాంబర్‌లోకి దిగిన కొంచెం మాత్రం బయటికి పోకపోతే చల్లబడి నీరై ఆయిల్‌లో కలుస్తుంది. మసి, నీరు, ఆయిల్ కలిసి నల్లటి బురద తయారవుతుంది. ఆ బురద ఆయిల్ దారులను మూస్తుంది, బేరింగులను తింటుంది.

ఈ గ్యాసు, ఆవిరి బయటికి పోవడానికి పెట్టిన దారే బ్రీదర్. దారి మూసుకుంటే లోపల ఒత్తిడి పెరుగుతుంది. అది ఎక్కడో ఒకచోట బయటపడాలి కదా! క్రాంకు సీలు, ట్యాపిట్ కవర్ ప్యాకింగు, ఆయిల్ గేజి పుల్ల పెట్టే గొట్టం, ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ ఆయిల్‌ను తోసుకుంటూ వస్తుంది. ఈ స్థితిలో ఎంత మంచి కంపెనీ సీలు వేసినా నిలవదు.

ట్రాక్టర్‌లో వెనక సీలు కారితే ఇంకో నష్టం ఉంది. ఆయిల్ క్లచ్ ప్లేటు మీదికి చేరి క్లచ్ జారుతుంది. దాన్ని బాగుచేయాలంటే బండిని మధ్యకు విడదీయాలి. దమ్ము చేసే రోజుల్లో బండి షెడ్డులో పడి ఉంటే సొంత పొలమూ ఆగుతుంది, కిరాయీ పోతుంది.

మన వైపు ఎందుకు తొందరగా మూసుకుంటుంది?

ఇల్లందు, గుండాల, ములకలపల్లి, దుమ్ముగూడెం, చర్ల వైపు ఎండాకాలంలో అడవి దారులన్నీ ఎర్ర దుమ్మే. తునికాకు మూటలు, జామాయిల్ కర్ర మోసే ట్రాక్టర్లు ఆ దుమ్ములోనే తిరుగుతాయి. మణుగూరు, కొత్తగూడెం దారుల్లో బొగ్గు ధూళి కూడా తోడవుతుంది. బ్రీదర్ నోటి దగ్గర ఎప్పుడూ ఆయిల్ తడి ఉంటుంది. తడి మీద దుమ్ము పడితే పేరుకుని గట్టిపడుతుంది.

వానాకాలంలో దమ్ము బురద బ్రీదర్ గొట్టం కొసకు అంటి ఎండిపోతుంది. ఇక పంపు ఇంజన్లు నెలల తరబడి కదలకుండా ఉంటాయి. మట్టితో గూడు కట్టే కందిరీగలకు అలాంటి గొట్టాలంటే ఇష్టం. సీజన్ మొదట్లో చూసుకోకుండా ఇంజన్ తిప్పితే గంట గడవక ముందే ఆయిల్ కారుతుంది.

కడిగే పద్ధతి

బ్రీదర్ అన్ని బండ్లకు ఒకేచోట ఉండదు. కొన్నింటికి ట్యాపిట్ కవర్ మీద డబ్బాలాగా ఉంటుంది. కొన్నింటికి ఇంజన్ పక్కనుంచి గొట్టం కిందికి దిగి నేల వైపు తెరుచుకుని ఉంటుంది. కొన్ని ఇంజన్లకు ఆయిల్ పోసే మూతలోనే జాలీ ఉంటుంది. తెలియకపోతే కంపెనీ ఇచ్చిన పుస్తకంలో చూడండి, లేదా మెకానిక్‌ను ఒక్కసారి చూపించమనండి.

1. ఇంజన్ ఆపి చల్లారనివ్వాలి. బ్రీదర్ చుట్టూ ఉన్న మట్టిని విప్పక ముందే తుడవాలి. లేకపోతే అది ఛాంబర్‌లో పడుతుంది.

2. బ్రీదర్ విప్పి, ఆ రంధ్రాన్ని శుభ్రమైన గుడ్డతో కప్పాలి. బిగించేటప్పుడు గుడ్డ తీయడం మరవకూడదు.

3. లోపలిది తీగ జాలీ అయితే డీజిల్‌లో పావుగంట నానబెట్టి బ్రష్షుతో కడగాలి. కిందికి కారే డీజిల్ తేటగా వచ్చేదాకా కడగాలి. కాగితం లేదా స్పాంజి ఫిల్టర్ అయితే కడిగి వాడకుండా కొత్తది వేసుకోవాలి.

4. గొట్టం లోపల తీగకు గుడ్డ చుట్టి తోయాలి. రబ్బరు గొట్టం మెత్తబడి లోపలికి ముడుచుకుపోయినా, పగుళ్ళు వచ్చినా మార్చాలి. పైకి బాగానే కనిపించే గొట్టం లోపల మూసుకుపోయి ఉండవచ్చు.

5. పూర్తిగా ఆరిన తర్వాత బిగించాలి. ప్యాకింగు చిరిగితే కొత్తది వేయాలి. గొట్టం ఎక్కడా మడత పడకుండా, కొస కిందికి ఉండేలా అమర్చాలి.

పెట్రోలుతో కడగకండి. వేడి ఇంజన్ దగ్గర అది ప్రమాదం. పని జరిగేటప్పుడు బీడీ, చుట్ట దూరంగా ఉండాలి.

పంపు ఇంజన్లకు ప్రత్యేక జాగ్రత్త

ఒక సిలిండర్ ఉండే 5 హార్స్‌పవర్ పంపు ఇంజన్‌లో పిస్టన్ కిందికి దిగినప్పుడల్లా ఛాంబర్‌లోని గాలిని నొక్కుతుంది, పైకి పోయినప్పుడు గుంజుతుంది. అందుకని ఇలాంటి చాలా ఇంజన్ల బ్రీదర్‌లో పలుచని రేకు బిళ్ళ ఒకటి ఉంటుంది. అది లోపలి గాలిని బయటికి వదులుతుంది, బయటి గాలిని లోపలికి రానీయదు. దీనివల్ల ఛాంబర్‌లో గాలి కొంచెం పలుచగా ఉండి ఆయిల్ లోపలే నిలుస్తుంది.

ఆ బిళ్ళ జిడ్డుకు అతుక్కున్నా, వంగినా, విరిగినా ఆయిల్ కారుతుంది. కడిగి ఆరబెట్టిన తర్వాత నోటితో ఊది చూడండి. ఒకవైపు నుంచి గాలి పోవాలి, రెండోవైపు నుంచి పోకూడదు. విప్పేటప్పుడు ఏది పైన, ఏది కింద ఉందో గుర్తు పెట్టుకోవాలి. బిళ్ళ తిరగేసి బిగిస్తే ఇంజన్ గాలిని లోపలికి గుంజుకుంటుందే గానీ వదలదు. అప్పుడు ఉన్న జబ్బు కంటే చేసిన వైద్యమే ఎక్కువ నష్టం.

జీపులు, పాత కార్లు

ఏజెన్సీ దారుల్లో తిరిగిన పాత జీపులకు, 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్, మారుతి 800 లాంటి కార్లకు ఇదే సూత్రం వర్తిస్తుంది. పూర్వం అన్ని కార్లకూ ఈ గొట్టం నేల వైపు తెరిచి ఉండేది. ఆ పొగ ఊళ్ళ గాలిని చెడగొడుతోందని తెలిశాక అమెరికాలోని కాలిఫోర్నియాలో 1961 మోడల్ కార్ల నుంచి దాన్ని తిరిగి ఇంజన్‌లోకే పంపి కాల్చే పద్ధతి వచ్చింది. తర్వాత మిగతా దేశాలకూ పాకింది.

ఈ పద్ధతి ఉన్న బండ్లలో ట్యాపిట్ కవర్ నుంచి ఎయిర్ క్లీనర్‌కో, ఇంజన్ గాలి పీల్చే గొట్టానికో ఒక రబ్బరు గొట్టం ఉంటుంది. పెట్రోలు బండ్లలో చాలావాటికి మధ్యలో చిన్న వాల్వు ఉంటుంది. దాన్ని తీసి చెవి దగ్గర ఊపితే టకటకమనాలి. శబ్దం రాకపోతే బిగుసుకుపోయిందని అర్థం, కొత్తది వేయాలి.

ఎయిర్ క్లీనర్ మూసుకున్నా ఈ బండ్లకు చిక్కే. గాలి దొరకని ఇంజన్ ఛాంబర్‌లోంచి ఆయిల్‌ను పీలుస్తుంది. డీజిల్ బండిలో ఆయిల్ గుర్తుకు మించి పోసినా ఇదే జరగవచ్చు. ఆయిలే ఇంధనంగా మారి, స్టాప్ గుంజినా ఇంజన్ ఆగకుండా స్పీడు పెరిగిపోతుంది. అలాంటప్పుడు గాలి పీల్చే నోటికి గట్టి చెక్క పలక అడ్డం పెట్టి ఆపాలి. చెయ్యి పెట్టకూడదు. అందుకే ఆయిల్ ఎప్పుడూ గేజి పుల్ల మీది పై గీత దాటకూడదు.

బోరు అవసరమా, కాదా?

ముందు బ్రీదర్ కడగాలి. తర్వాత ఇంజన్‌ను అరగంట పని చేయించి వేడెక్కాక బ్రీదర్ నోటి దగ్గర చూడాలి. సన్నటి ఆవిరి వస్తుంటే భయపడాల్సింది లేదు. ఎక్సలేటర్ పెంచినప్పుడు నీలం, తెలుపు కలిసిన పొగ దట్టంగా ఎగదన్నుతూ, ఆయిల్ తుంపరలు పడుతుంటే రింగులు, లైనర్లు అరిగినట్టే. దానికి తోడు ఆయిల్ తగ్గిపోవడం, పొద్దున్నే స్టార్టు కావడం కష్టం కావడం, లోడు లాగకపోవడం ఉంటే బోరు మాట నిజమే. ఇవేమీ లేకుండా ఒట్టి సీలు కారడం మాత్రమే ఉంటే తొందరపడకండి. కడిగిన బ్రీదర్‌తో కొన్నాళ్ళు నడిపి చూడండి.

ట్రాక్టర్లలో ఇంకో పరీక్ష ఉంది. ఇంజన్ నిదానంగా తిరుగుతుండగా ఆయిల్ పోసే మూతను విప్పి అదే రంధ్రం మీద వదులుగా బోర్లించండి. కొంచెం అదిరితే ఫరవాలేదు. ఎగిరి పడితే రింగుల దారిన గ్యాస్ ఎక్కువ వస్తోందని అర్థం. ఒక సిలిండర్ పంపు ఇంజన్లకు ఈ పరీక్ష పనికిరాదు. పిస్టన్ కదలికకే మూత ఎగురుతుంది.

సెకండ్ హ్యాండ్ ట్రాక్టర్ కొనేవారు ఈ రెండూ చూడకుండా బయానా ఇవ్వకూడదు. అమ్మేవాళ్ళు బండి కడిగి, రంగు వేసి పెడతారు. రంగు చూసి కాక, బండిని వేడెక్కనిచ్చి బ్రీదర్ చూసి బేరం ఆడాలి.

ఆయిల్ మూత అడుగున మజ్జిగ లాంటి తెల్లటి జిగురు కనిపిస్తే తుడిచి, లోడు మీద గంటసేపు నడపండి. చలికాలంలో కాసేపు నడిపి ఆపేసే బండ్లకు తేమ వల్ల ఇది వస్తుంది. తుడిచినా మళ్ళీ వస్తూ, రేడియేటర్‌లో నీళ్ళు కూడా తగ్గుతుంటే హెడ్ ప్యాకింగు చూపించుకోవాలి.

వరదలో మునిగిన ఇంజన్

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అంత వరద రాకపోయినా వాగులు పొంగి గట్టు మీది మోటార్లు, ఇంజన్లు మునగడం మనకు కొత్త కాదు. మునిగిన ఇంజన్‌లోకి సైలెన్సర్, ఎయిర్ క్లీనర్‌తో పాటు బ్రీదర్ గుండా కూడా నీళ్ళు, ఒండ్రు వెళతాయి. పైన ఆరిందని తిప్పకూడదు. ఆయిల్ మొత్తం దించి, బ్రీదర్, ఎయిర్ క్లీనర్ విప్పి కడగాలి. డీజిల్ ట్యాంకులో నీరు చేరిందేమో చూడాలి. ఛాంబర్‌లో ఒండ్రు ఉంటే పక్క డోరు తీసి శుభ్రం చేయించాలి. కొత్త ఆయిల్ పోసి, ముందు చేత్తో నాలుగు చుట్లు తిప్పి, సులువుగా తిరిగితేనే స్టార్టు చేయాలి. కాసేపు నడిపాక ఆ ఆయిల్ కూడా దించేసి మళ్ళీ కొత్తది పోయాలి. వరద కబురు అందగానే ఇంజన్‌ను గట్టు మీదికి చేర్చుకోవడం అన్నిటికంటే మేలు.

ఇవి చేయవద్దు

ఆయిల్ చుక్కలు పడుతున్నాయని బ్రీదర్ నోట్లో చెక్క బిరడా కొట్టవద్దు. దుమ్ము పోతుందని గుడ్డ, గోనె సంచి కట్టవద్దు. సన్నటి సైకిల్ ట్యూబు గానీ, డ్రిప్ పైపు గానీ తొడిగి పొడిగించవద్దు. పొడిగించక తప్పకపోతే అంతే లావు గొట్టం వాడి, వాలుగా కిందికి దించాలి. బావి పక్కనున్న ఇంజన్ అయితే గొట్టం కింద ఒక డబ్బా పెట్టండి. కారిన ఆయిల్ నీళ్ళలో కలవకుండా ఉంటుంది.

ఎప్పుడెప్పుడు కడగాలి?

ఆయిల్ మార్చిన ప్రతిసారీ బ్రీదర్ కడగడం మంచి అలవాటు. దుమ్ము దారుల్లో, దమ్ములో తిరిగే బండికి మధ్యలో ఇంకోసారి చూసుకోవాలి. గంటల మీటరు పనిచేయని పంపు ఇంజన్‌కు డీజిల్ లెక్క పెట్టుకోవచ్చు. 5 హార్స్‌పవర్ ఇంజన్ నిండు లోడు మీద గంటకు సుమారు లీటరు తాగుతుంది. అంటే పోసిన లీటర్లే నడిచిన గంటలు. ఆయిల్ మార్చిన రోజు, కడిగిన రోజు షెడ్డు గోడ మీద బొగ్గుతో రాసి పెట్టుకుంటే చాలు.

తొలకరికి ముందు నాగలి కర్రు, కల్టివేటర్ బోల్టులు చూసుకునే రోజే బ్రీదర్ కూడా విప్పి చూడండి. దమ్ము మధ్యలో బండి ఆగితే పోయే రోజుల ముందు ఈ అరగంట ఎంత?