"ఇంకా ఉంది" అంటే నిద్రెందుకు పట్టదు?

రేపు లెక్కల పరీక్ష. రాత్రి పదకొండు దాటింది. లైటార్పి పడుకోమని అమ్మ రెండుసార్లు కేకేసింది. మీరేమో దుప్పటి ముసుగులో టార్చిలైటు పెట్టుకుని నవల చదువుతున్నారు. "ఈ ఒక్క అధ్యాయం అయిపోగానే పడుకుంటా" అనుకున్నారు. అధ్యాయం అయిపోయింది. కాని దాని చివరి వాక్యంలో ఎవరో తలుపు తట్టారు! ఇక పడుకోవడం మీ తరమా? పేజీ తిప్పేశారు. మూడో భాగం ముగిసేసరికి తెల్లవారింది. నాలుగో భాగం క్లాసులో ఎవరి దగ్గరుందా అని ఆలోచన మొదలైంది. లెక్కల సంగతి చెప్పనక్కరలేదు.

ఇది మీ ఒక్కరికే పట్టిన పిచ్చి కాదు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా ఊళ్ళో పుస్తకాలు అద్దెకిచ్చే కొట్టు ఒకటుండేది. అద్దె రోజుకు పావలా. ఒకసారి ఒక డిటెక్టివ్ నవల తెచ్చి ఏకబిగిని చదివాను. తీరా చూస్తే ఆఖరి ఆరు పేజీలు లేవు. ఎవరో చింపేశారు! కొట్టతను "నాకేం తెలుసు బాబూ" అన్నాడు గాని పావలా మాత్రం పుచ్చుకున్నాడు. ఆ నెలలో చదివిన మిగతా నవలల పేర్లు కూడా ఇప్పుడు గుర్తులేవు. ఆ ఒక్కదానిలోని వసారా, గోడమీది తడి చేతి ముద్ర మాత్రం కళ్ళకు కట్టినట్టున్నాయి.

ఎందుకలా? 1920లలో బెర్లిన్ విశ్వవిద్యాలయంలో బ్లూమా జైగార్నిక్ అనే యువతి సరిగ్గా ఇలాంటి ప్రశ్నకే జవాబు వెతికింది. కొంతమందిని పిలిచి ఒక్కొక్కరికీ చిన్న చిన్న పనులు ఇచ్చింది. పూసలు గుచ్చడం, మట్టితో బొమ్మ చేయడం, పొడుపుకథ విప్పడం వంటివన్నమాట. సగం పనులు పూర్తి చేయనిచ్చింది. మిగతా సగం మాత్రం మంచి ఊపుమీద ఉండగా మధ్యలో ఆపేయించింది. చివర్లో "ఏమేం పనులు చేశారో చెప్పండి" అని అడిగింది. పూర్తయిన పనులకన్నా సగంలో ఆగినవే వాళ్ళకు బాగా గుర్తున్నాయి. 1927లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. మొదలుపెట్టిన పని మనసులో ఒక బిగువును పుట్టిస్తుందనీ, పని పూర్తయితేగాని ఆ బిగువు సడలదనీ ఆమె గురువు కర్ట్ లెవిన్ అభిప్రాయం.

అయితే ఒక మాట. తర్వాత చాలామంది ఈ ప్రయోగాన్ని మళ్ళీ చేసి చూశారు. కొందరికి అదే ఫలితం వచ్చింది, కొందరికి రాలేదు. అందుచేత సగంలో ఆగినది ఎప్పుడూ ఎక్కువ గుర్తుంటుందని గట్టిగా చెప్పలేం. ఆ రోజుల్లోనే, అదే బెర్లిన్‌లో, మరియా ఓవ్‌స్యాంకినా గమనించిన విషయం మాత్రం ఇప్పటికీ నిలిచింది. పని మధ్యలో ఆపించి మనుషులను ఊరికే వదిలేస్తే, ఎవరూ చెప్పకపోయినా, ఏ బహుమతీ లేకపోయినా, వాళ్ళంతట వాళ్ళే వెళ్ళి ఆ పని అందుకుంటారు.

నేనూ అందుకున్నాను. ఇరవై ఏళ్ళ తర్వాత ఒక బంధువు ఇంట అటకమీద ఆ నవలే దొరికింది. నిచ్చెనమీద నిలబడే ఆ ఆరు పేజీలు చదివాను. హంతకుడు వంటవాడు!

వారపత్రికల వాళ్ళకు ఈ కిటుకు ఏ ప్రయోగశాలా లేకుండానే తెలుసు. కథ సరిగ్గా ఉరితాడు దగ్గర ఆపి, కింద బ్రాకెట్లలో "ఇంకా ఉంది" అని వేస్తారు. వారం రోజులు మనం గిలగిల్లాడతాం.

మరి ఏ కథకా కథ పూర్తయిపోయే సీరీస్ సంగతేమిటి? షెర్లాక్ హోమ్స్‌నే చూడండి. లండన్‌లో వెలువడే 'స్ట్రాండ్' మాసపత్రికలో 1891 జూలై నుంచి ఆర్థర్ కానన్ డాయిల్ ఆయన కథలు రాశాడు. ప్రతి నెలా ఒక చిక్కుముడి, అదే నెలలో దాని విడుపు. సగంలో ఆగిందేమీ లేదు. అయినా జనం విరగబడి చదివారు. ఎందుకంటే, కొత్త నవల పట్టుకుంటే మొదటి పాతిక పేజీలు మెదడుకు చాకిరీయే. ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరి మాట నమ్మాలి, అంతా కొత్త. సీరీస్‌లో ఆ చాకిరీ ఒక్కసారే. ఆ గది, ఆ పైపు, ఆ వాట్సన్ అన్నీ మనకు ముందే తెలుసు. కొత్తది చిక్కుముడి ఒక్కటే. మన కొమ్మూరి సాంబశివరావు నవలల్లో డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు కనిపించగానే తెలుగు పాఠకులు హాయిగా సర్దుకు కూర్చునేది కూడా ఇందుకే.

ఇలా కొన్నాళ్ళకు పాత్ర చుట్టమైపోతుంది. చారిత్రక నవలలు రాసుకుందామని డాయిల్ 1893 డిసెంబరులో హోమ్స్‌ను జలపాతంలో పడేసి చంపాడు. పాఠకులు మండిపడ్డారు. ఇరవై వేలమంది చందాలు మానేశారంటారు. లండన్ యువకులు నల్లబట్ట కట్టుకుని తిరిగారన్న కథ మాత్రం నేను నమ్మను. అది తర్వాతివాళ్ళ కల్పనలా ఉంది. ఏమైతేనేం, 1903లో హోమ్స్‌ను బతికించక తప్పలేదు.

ఇక మెదడులోకి తొంగి చూద్దాం. వోల్‌ఫ్రామ్ షుల్జ్ అనే శాస్త్రజ్ఞుడు కోతులకు పళ్ళరసం చుక్కలు ఇస్తూ, డోపమైన్ అనే రసాయనాన్ని వెలువరించే నాడీకణాలను పరిశీలించాడు. మొదట్లో రసం నోట పడగానే ఆ కణాలు చురుకయ్యేవి. రసానికి ముందు ఒక గుర్తు చూపడం అలవాటు చేశాక, గుర్తు కనబడగానే చురుకవడం మొదలెట్టాయి. తెలిసిన రసం వచ్చినా చలించలేదు. అనుకున్న రసం రాకపోతే మందగించాయి. 2003లో ఇంకో వింత బయటపడింది. రసం వస్తుందో రాదో సగానికి సగం అనుమానం ఉన్నప్పుడు, ఎదురుచూస్తున్న ఆ కొద్ది క్షణాల్లో కణాల చురుకుదనం అన్నిటికన్నా ఎక్కువగా పెరిగింది.

కోతి పళ్ళరసం వేరు, మన నవల వేరు. రెండూ ఒకటేనని ఎవరూ రుజువు చేయలేదు. కాని తలుపు తట్టింది మిత్రుడో శత్రువో తెలియని ఆ సగం సగం స్థితి మీకు పరిచితమైనదే కదా!

అందుకని పరీక్ష ముందురోజు ఒక పని చేసి చూడండి. అధ్యాయం చివర ఆపకండి. గాలం ఉండేది అక్కడే. తర్వాతి అధ్యాయంలో రెండు పేజీలు పోనిచ్చి, తలుపు తట్టిందెవరో తేలాక, కాస్త నెమ్మదించిన చోట పుస్తకం మూయండి.

జైగార్నిక్ ప్రయోగం ఇంట్లోనూ చేయవచ్చు. నలుగురు మిత్రులకు పన్నెండు చిన్న పనులివ్వండి. కాగితం పడవ, ఒక గుణకారం, పేర్లను తిరగేసి రాయడం, ఏవైనా సరే. ఆరింటిని మధ్యలో ఆపించండి. ఏవి ఆపుతారో ముందు చెప్పకండి. తర్వాత గుర్తున్నవి రాయమనండి. ఇంకో నలుగురితో మళ్ళీ చేయండి. ఈసారి సగం మడిచిన పడవలు బల్లమీదే వదిలి, ఐదు నిమిషాలు బయటికి వెళ్ళి కిటికీలోంచి చూడండి. మొదటి లెక్క ఎటు తేలుతుందో నేను చెప్పలేను. రెండోదానిమీద మాత్రం పందెం కాస్తాను.