తరంగాన్వేషణం: రేడియో స్కానర్ – కంప్యూటర్

పాఠ్యభాగ ఉద్దేశం

రేడియో స్కానర్ పనిచేసే తీరును, దానికి కంప్యూటర్ తోడ్పడే విధానాన్ని వివరించడం, వినగలిగే శక్తి ఉన్నవారు పాటించవలసిన నియమాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యాంశం

అష్టావధానం చూచినవారికి ఒక విషయం తెలిసే ఉంటుంది. వేదికపై పృచ్ఛకులు ఎనిమిదిమంది ఉన్నా అవధాని ఒక క్షణంలో ఒక్కరికే సమాధానం చెబుతాడు. ఒకరి నుండి మరొకరికి మనస్సును వేగంగా మళ్ళించగలగడంలోనే ఆయన నేర్పు ఉన్నది. రేడియో స్కానర్ చేసే పని కూడా ఇటువంటిదే. ఇంటిలోని సాధారణ రేడియో మనం ఎంచుకొన్న ఒక్క కేంద్రాన్ని పట్టుకొని అక్కడే ఉంటుంది. స్కానర్ అట్లా ఉండదు. తన జ్ఞాపకంలో ఉన్న పౌనఃపున్యాలను ఒకదాని తరువాత ఒకటిగా పరీక్షిస్తూ పోతుంది. నిశ్శబ్దంగా ఉన్నదానిని వదలివేస్తుంది. మాట వినిపించినచోట ఆగి, ఆ మాట ముగియగానే మళ్ళీ బయలుదేరుతుంది. ఈ విధంగా సెకనుకు సుమారు 100 పౌనఃపున్యాలను పరీక్షించగల స్కానర్లు ఉన్నాయి.

ఈ యంత్రం ఎక్కువగా వ్యాపించిన దేశం అమెరికా. అగ్నిమాపక దళాల పిలుపులు, అంబులెన్సుల సందేశాలు, రైళ్ళ సిబ్బంది మాటలు, విమాన చోదకుల సంభాషణలు వినడానికి అక్కడి పౌరులు దానిని ఇళ్ళలో ఉంచుకొంటారు. కార్చిచ్చు వ్యాపించే ప్రాంతాలలో మంటలు ఎటు కదులుతున్నాయో తెలుసుకోవడానికి స్కానర్ తోడ్పడుతుంది. అక్కడ వాతావరణ హెచ్చరికల కోసమే 162.400 నుండి 162.550 మెగాహెర్ట్జ్ వరకు ఏడు పౌనఃపున్యాలు కేటాయింపబడ్డాయి.

స్ఫటికం నుండి జ్ఞాపకశక్తికి

తొలినాటి స్కానర్లలో ప్రతి పౌనఃపున్యానికి ఒక క్వార్ట్జ్ స్ఫటికం అవసరమయ్యేది. కొత్త పౌనఃపున్యం వినాలంటే కొత్త స్ఫటికం కొని, పరికరంలో అమర్చవలసి వచ్చేది. 1970 దశకంలో సింథసైజర్ అనే ఏర్పాటు వచ్చింది. ఒకే ఒక స్ఫటికం ఇచ్చే స్థిరమైన కంపనాన్ని ఆధారంగా తీసుకొని, అంకెల సహాయంతో కావలసిన పౌనఃపున్యాలను పుట్టించడం దాని పద్ధతి. దానితో స్ఫటికాలు కొనే అవసరం పోయి, అంకెలు నమోదు చేసే పని మొదలయింది. ప్రోగ్రామింగ్ అంటే ఈ నమోదే.

ఈ పని పైకి కనిపించినంత సులభం కాదు. 500 ఛానళ్ళ స్కానర్‌ను తీసుకొందాం. ఒక్కొక్క ఛానలుకు దాని సంఖ్య, పౌనఃపున్యం కలిపి 12 మీటలు నొక్కాలనుకొంటే, మొత్తం 6,000 సార్లు నొక్కవలసి ఉంటుంది. ప్రతి ఛానలుకు పేరు కూడా చేర్చదలిస్తే శ్రమ రెట్టింపవుతుంది. అంతసేపు చిన్న మీటలపై వ్రేళ్ళాడిస్తే పొరపాటు దొర్లడం సహజం.

కంప్యూటర్ తోడ్పాటు

ఈ శ్రమను తొలగించడానికి 1990 దశకంలో స్కానర్‌ను కంప్యూటర్‌తో కలిపే ఏర్పాటు వాడుకలోకి వచ్చింది. ఆనాటి కంప్యూటర్ల వెనుక సీరియల్ పోర్టు అనే తొమ్మిది సూదుల ద్వారం ఉండేది. స్కానర్‌ను ఒక తీగతో దానికి కలిపేవారు. తరువాతి కాలంలో ఆ స్థానాన్ని యూఎస్‌బీ ఆక్రమించింది.

ఇద్దరు మాట్లాడుకోవాలంటే ఇద్దరికీ ఒకే భాష రావాలి. ఒకరి వేగం మరొకరికి అందాలి. యంత్రాలకూ ఇదే న్యాయం. కంప్యూటర్ సెకనుకు 9,600 బిట్ల వేగంతో పంపుతుంటే స్కానర్ కూడా అదే వేగానికి సిద్ధమై ఉండాలి. లేకుంటే చేరేవి అర్థంలేని గుర్తులే. ఒక్కొక్క అక్షరానికి 10 బిట్లు పడతాయి కాబట్టి, ఈ వేగంతో సెకనుకు 960 అక్షరాలు పంపవచ్చు. ఒక ఛానలు వివరాలకు 20 అక్షరాలు చొప్పున 500 ఛానళ్ళకు 10,000 అక్షరాలు అవుతాయి. వాటిని పంపడానికి పదకొండు సెకన్లు చాలు. స్కానర్ ప్రతి ఆజ్ఞను గ్రహించి బదులిచ్చే వ్యవధిని కలుపుకొన్నా, గంటల పని కొద్ది నిమిషాలలో ముగుస్తుంది.

పని చేసే క్రమం ఇది: మొదట స్కానర్‌లో అప్పటికే ఉన్న వివరాలను కంప్యూటర్‌లోకి చదివించి భద్రపరచాలి. క్రొత్త పట్టిక వ్రాసినప్పుడు పాతది చెరిగిపోవచ్చు కనుక ఈ జాగ్రత్త తప్పనిసరి. తరువాత పౌనఃపున్యం, పేరు, ప్రసార పద్ధతి అనే గడులతో పట్టికను సిద్ధం చేయాలి. దానిని సరిచూచిన తరువాతనే స్కానర్‌కు పంపాలి. చివరగా స్కానర్ నుండి తిరిగి చదివించి, పంపినది, చేరినది ఒకటేనా అని పోల్చుకోవాలి.

సరిచూడడం ఎందుకు ముఖ్యమో ఒక ఉదాహరణ చెబుతుంది. 162.550 అని వ్రాయవలసినచోట 126.550 అని వ్రాశామనుకొందాం. రెండు అంకెలు తారుమారయ్యాయి, అంతే. కాని ఆ సంఖ్య విమానయాన సంభాషణలకు చెందినది. వాతావరణ హెచ్చరిక కోసం ఎదురుచూచేవాడికి తుపాను రాత్రి ఆ ఛానల్లో హెచ్చరిక వినిపించదు. మౌనాన్ని క్షేమమని అతడు భ్రమపడవచ్చు. తాళపత్రాలకు ప్రతులు వ్రాసే కాలంలో ఒక లేఖకుని ప్రమాదం తరువాతి ప్రతులన్నిటిలోకి ప్రాకేది. ఒక పట్టికను పదిమంది పంచుకొంటే కంప్యూటర్‌లోనూ అదే జరుగుతుంది. యంత్రం శ్రమను తగ్గిస్తుంది. తప్పును మాత్రం తానుగా దిద్దదు.

ట్రంకింగ్ అనే పద్ధతి వచ్చాక కంప్యూటర్ అవసరం మరింత పెరిగింది. ఇందులో ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క పౌనఃపున్యం ఉండదు. కొన్ని పౌనఃపున్యాలను అందరూ పంచుకొంటారు. ఎవరు మాట్లాడదలిస్తే వారికి ఖాళీగా ఉన్నదానిని వ్యవస్థ కేటాయిస్తుంది. అందువలన స్కానర్ శాఖల గుంపు సంఖ్యలను కూడా గుర్తించవలసి ఉంటుంది. ఇటువంటి సంభాషణలను వెంబడించగల స్కానర్‌ను యూనిడెన్ సంస్థ 1997లో విడుదల చేసింది. కొన్ని ట్రంకింగ్ వ్యవస్థలలో పౌనఃపున్యాలు సరిగా ఉన్నా వాటి వరుస తప్పితే సంభాషణ మధ్యలోనే తెగిపోతుంది. 2012 తరువాత చౌకైన చిన్న టీవీ గ్రాహకాన్ని కంప్యూటర్‌కు తగిలించి, కంప్యూటర్‌నే స్కానర్‌గా మార్చే పద్ధతి కూడా ప్రచారంలోకి వచ్చింది.

వినడంలో వివేకం

వినగలిగినదంతా వినదగినదేనా? 1996 డిసెంబరులో అమెరికా ప్రతినిధుల సభాధ్యక్షుడు న్యూట్ గింగ్రిచ్ తన సహచరులతో జరిపిన టెలిఫోను సంభాషణను ఫ్లోరిడాలో ఒక జంట స్కానర్‌తో విని, టేపు మీదికి ఎక్కించింది. అది చేతులు మారి 1997 జనవరిలో పత్రికలకెక్కింది. ఆ జంట నేరం అంగీకరించి, ఒక్కొక్కరు 500 డాలర్ల జరిమానా చెల్లించవలసి వచ్చింది. సెల్‌ఫోను సంభాషణలను వినగల స్కానర్ల తయారీని, దిగుమతిని ఆ దేశం 1994లోనే నిషేధించింది. కాని అంతకు ముందే అమ్ముడుపోయిన స్కానర్లు ఎన్నో ఇళ్ళలో మిగిలిపోయాయి. నేడు అక్కడి పోలీసు శాఖలు అనేకం తమ మాటలను సంకేతాలుగా మార్చి పంపుతున్నాయి. దీనివలన గోప్యత పెరిగినా, ప్రజలకు తెలిసే విషయాలు తగ్గాయని వాదించేవారూ ఉన్నారు.

మన దేశంలో 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం అనుమతి లేకుండా వైర్‌లెస్ పరికరాన్ని కలిగి ఉండడాన్ని నేరంగా పరిగణించింది. 2023లో చేసిన టెలికమ్యూనికేషన్ల చట్టం కూడా రేడియో పరికరాలకు అనుమతి కావాలన్నది. కనుక ఇక్కడ ఈ విద్యపై ఆసక్తి గలవారికి ఉన్న రాజమార్గం, పరీక్షలో ఉత్తీర్ణులై అమెచ్యూర్ రేడియో అనుమతి పొందడమే. హైదరాబాదులో 1983లో ఏర్పడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ ఈ రంగంలో పనిచేసింది. ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ బృందం 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నది. టెలిఫోన్లు మూగబోయిన ఆ ద్వీపాల నుండి తమవారి క్షేమసమాచారం ఆ బృందం రేడియో ద్వారానే ఎందరికో చేరింది.

ఒకచోట పరుల మాట విన్నందుకు శిక్ష. మరొకచోట ఆపన్నుల మాట విన్నందుకు కృతజ్ఞత. రెండు చోట్లా తరంగాలు ఒక్కటే. వినేవాని ఉద్దేశంలోనే భేదమున్నది. పట్టికలో ఏ సంఖ్యను వ్రాయాలో కంప్యూటర్‌కు చెప్పేది మనిషే. ఆ బాధ్యతను గుర్తించినవారి చేతిలోనే ఈ విద్య శోభిస్తుంది.

అర్థాలు

పృచ్ఛకుడు = అవధానంలో ప్రశ్న అడిగేవాడు
పౌనఃపున్యం = ఒక సెకనులో జరిగే కంపనాల సంఖ్య
స్ఫటికం = పలకలు తేలిన ఖనిజపు తునక
లేఖకుడు = ప్రతి వ్రాసేవాడు
ప్రమాదం = (ఇక్కడ) పొరపాటు
ఆపన్నుడు = ఆపదలో ఉన్నవాడు

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్న
స్కానర్‌ను కంప్యూటర్ సహాయంతో ప్రోగ్రామ్ చేసే క్రమాన్ని వివరించండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. అవధానికీ స్కానర్‌కూ గల పోలికను తెలపండి.
2. పట్టికను సరిచూడడం ఎందుకు అవసరం?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. తొలినాటి స్కానర్లలో ప్రతి పౌనఃపున్యానికి ఏది అవసరమయ్యేది?
2. సునామీ సమయంలో భారతీ ప్రసాద్ బృందం ఎక్కడ ఉన్నది?