కమ్మరి కొలిమికి ల్యాబ్ తోడైతే...

వరంగల్ చుట్టుపక్కల కమ్మరి కొలిమి దగ్గర ఆగితే పాత లారీ కమాన్ కట్టలు కనబడతాయి. కత్తిపీటైనా, కొడవలైనా, మాంసం కొట్టే కత్తైనా వాటి నుంచే పుడుతుంది. ఎర్రగా కాలిన పట్టీని పటకారుతో దాగలి మీదికి లాగి సమ్మెటతో సాగగొడతారు. నీళ్లలో ముంచే ముందు మాత్రం కమ్మరి చూపంతా దాని రంగు మీదే. కాక ఎక్కువైతే కత్తి పెళుసుబారి విరుగుతుంది. తక్కువైతే అంచు నిలవదు. ఫ్యాక్టరీలో మీటరు చెప్పేది ఇక్కడ కన్ను చెప్పాలి.

ఆ కంటి చదువు చిన్నదేం కాదు. అలాంటి చదువుతోనే ఒకప్పుడు నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో రెండు రకాల ఇనుమును మట్టి మూసలో పెట్టి, మూత మెత్తి, రోజంతా తిత్తులూది కరిగించేవారు. చల్లారాక మూస పగలగొడితే ఉక్కు ముద్ద వచ్చేది. అందులో కార్బన్ నూటికి ఒకటిన్నర పాళ్ల దాకా ఉండటంతో, మట్టి పూసి మళ్లీ కాల్చి మెత్తబరిస్తే తప్ప సుత్తికి లొంగేది కాదు. ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు ఇంత దూరం వచ్చేవారు. ఆంగ్లేయ భూగర్భ శాస్త్రవేత్త వాయ్సీ ఈ పనిని కళ్లారా చూసి రాశాడు. 1824లో ఆయన చనిపోయాక, 1832లో అది అచ్చయింది.

ఇలాంటి మన దేశపు మూస ఉక్కే, ‘ఊట్జ్’ పేరుతో, 1790ల్లో లండన్ చేరింది. జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారు దానితో చిన్న కత్తి చేసి, సన్నని పదునుకు దీన్ని మించింది లేదన్నాడు. తర్వాత శాస్త్రవేత్త మైకేల్ ఫారడేతో కలిసి దాని గుట్టు వెతికాడు. ఫారడే తండ్రీ కమ్మరే! అయినా అసలు కిటుకు చిక్కలేదు. చాలా కాలం తర్వాత అమెరికాలో ఆల్ఫ్రెడ్ పెండ్రే అనే కత్తుల కమ్మరి, జాన్ వెర్‌హోవెన్ అనే లోహశాస్త్ర ప్రొఫెసర్ ఏళ్ల తరబడి కలిసి కొట్టి, కోసి, సూక్ష్మదర్శినిలో చూశారు. ఈ ఉక్కుతో చేసిన పాత కత్తుల మీద కనిపించే నీటి అలల్లాంటి చారలకు వెనేడియం వంటి మూలకాలు లేశమాత్రంగా ఉండటమే కారణమని 1998లో ప్రకటించారు.

సుత్తి పట్టినవాడూ ల్యాబ్‌లో కూర్చున్నవాడూ ఒకచోట చేరడమే అక్కడి విశేషం. మనకు ఆ అవకాశం లేదా? వరంగల్ ఎన్‌ఐటీలో లోహశాస్త్ర విభాగమే ఉంది. 2010లో బెంగళూరులోని పరిశోధన సంస్థ నియాస్, బ్రిటన్‌లోని ఎక్సెటర్ యూనివర్సిటీ ఉత్తర తెలంగాణ ఊళ్లలో ఇనుప చిట్టెం కుప్పల మీద సర్వే కూడా చేశాయి. చరిత్ర తవ్వడం మంచిదే. కానీ బతికున్న కమ్మరికి గట్టిదనం కొలిచే పరీక్ష, వేడి కొలిచే మీటరు, కత్తి మీద తన ముద్ర వేసుకునే వీలు ఇవ్వడం అంతకన్నా అవసరం.

ఈసారి వంటింటికి కత్తి కావాలంటే, స్టీలు తళుకు చూసి మోసపోకండి. మీ ఊరి కమ్మరికి ఒక్కటి చేసిపెట్టమని చెప్పండి. గిట్టుబాటు ధర కూడా ఇవ్వండి.