పనిచేయుచోట పరస్పర సహాయము

శ్రీహరికోటనుండి రాకెట్టు లేచు దినమున మన దొరవారిసత్రములో పిల్లలు మిద్దెలెక్కి తూర్పుదిక్కు చూచుచుందురు. పొగ చెదరిపోవువఱకు చూచి, దిగివచ్చి, "దీనిని చేసినదెవరు?" అని అడుగుదురు. ఒక్క పేరు చెప్పవలెనని వారి కోరిక. అట్లు చెప్పుటకు వీలులేదు. అది వేలమంది చేసిన పని. అందు చాలభాగము ఎవరి ఉద్యోగపు ఉత్తరువులోను వ్రాయబడి యుండదు. ఆ వ్రాయబడని భాగమును గూర్చియే ఇచ్చట కొంత వివరింపదలచితిమి.

ఏ సంస్థయందైనను ఎవరెవరు ఏయే పని చేయవలెనో నిబంధన లుండును. గుమాస్తా లెక్కలు వ్రాయును. జవాను కాగితములు చేరవేయును. కాని క్రొత్తగా చేరినవానికి పని చూపుట, జబ్బుపడినవాని దస్త్రములను తాను ముగించుట, తోడివాని లెక్కలో తప్పు కనబడినపుడు నలుగురిలో అల్లరి చేయక మెల్లగా చెవిని వేయుట, ఇవి ఏ నిబంధనలోను లేవు. ఇవి లేనిచో సంస్థ నడువదు. ఇందుకు నిదర్శనము కావలెనన్న, ఉద్యోగులు సమ్మె కట్టకయే అధికారులను ఇబ్బంది పెట్టదలచినపుడు ఏమి చేయుదురో చూడుడు. "నిబంధన ప్రకారము మాత్రమే పనిచేయుదుము" అందురు. అంతటితోనే పనులన్నియు కుంటుపడును!

వ్రాసిపెట్టిన విధులమీదనే ఆధారపడిన సంస్థ మిక్కిలి బలహీనమైనదని అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు డేనియల్ కాట్జ్ 1964లో వ్రాసెను. డెన్నిస్ ఆర్గన్ అను పండితుడు ఇట్టి నడవడికి సంస్థయందలి పౌరధర్మము అనదగిన పేరుపెట్టి, 1988లో ఒక గ్రంథమే ప్రకటించెను.

అయితే ఈ సాయమెల్ల సంస్థకొఱకే జరుగునని తలచుట పొరపాటు. షికాగో నగరమునకు చేరువనుండిన హాథోర్న్ కర్మాగారములో 1931-32 సంవత్సరములలో, టెలిఫోను పరికరములకు తీగలు కట్టు పనివారిని పదునలుగురను ఒక గదిలో నుంచి పరిశీలకులు కొన్ని నెలలు గమనించిరి. ఒకరి పనిలో మఱియొకరు చేయి పెట్టరాదని అచ్చటి నిబంధన. అయినను వెనుకబడినవానికి తోడివారు సాయపడుచునే యుండిరి. ఆ పదునలుగురిలోనే, ఎవడైన మితిమీఱిన వేగముతో పనిచేసినచో వాని భుజముమీద ఒక గుద్దు వేయుటయు కలదు! ఎక్కువ పని చూపినచో యజమానులు కూలి తగ్గింతురేమో యని వారి భయము. పనివాడు సాయపడునది తోడిమనుష్యునికి. ఆ సాయము సంస్థకును అక్కఱకు రావలెనన్న, సంస్థయందు వానికి నమ్మకముండవలెను.

ఆ నమ్మకము ఎట్లు పుట్టునో తెలుపు కథ మన పొరుగుననే, పులికాట్ సరస్సు కావలనే జరిగినది. 1979 ఆగస్టు 10వ తేదీన ఎస్.ఎల్.వి.-3 అను ఉపగ్రహవాహనము శ్రీహరికోటనుండి లేచి, కొన్ని నిమిషములకే బంగాళాఖాతములో కూలెను. రెండవ దశను అదుపు చేయు భాగములో నత్రికామ్లము కారిపోవుట అందుకు కారణము. ఆ పనికి నాయకులు అబ్దుల్ కలాము గారు. అలసియు మనసు విఱిగియు వారు గదికి పోయి నిద్రించిరి. సాయంకాలము కావచ్చుచుండగా ఎవరో భుజముపై చేయి వేసిరి. చూడగా, పై యధికారియైన బ్రహ్మప్రకాశ్ గారు ప్రక్కన కూర్చుండి, భోజనమునకు పోవుదమా యని అడిగిరి. అంతకుమున్ను రెండుసారులు వచ్చి, నిద్రాభంగము చేయనొల్లక మరలిపోయిరట. భోజనము చేయుచున్నంతసేపును కూలిన రాకెట్టు మాట ఎత్తలేదట. దీనిని కలాము గారే తమ ఆత్మకథలో చెప్పియున్నారు. అధికారి ఆకలితో కాచుకొనియుండుట ఏ నిబంధనలో నున్నది?

పత్రికలవారి యెదుట ఆ వైఫల్యభారమును సంస్థాధ్యక్షులు సతీష్ ధావన్ గారు తమ తలపై వేసికొనిరి. తరువాత జరిగిన విచారణ సభలో కలాము గారు లేచి, ఆమ్లము కారుటను తేలికగా తలచిన తప్పు తనదేయని ఒప్పుకొనిరి. దాచుటకు వారికి అవసరము లేకపోయెను. 1980 జూలై 18వ తేదీన అదే వాహనము 35 కిలోల రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. ఆనాడు పత్రికలవారితో మాటాడుటకు ధావన్ గారు కలాము గారినే పంపిరి.

ఇందులో ఒక చిక్కు కలదు. దానిని దాచుట న్యాయము కాదు. సాయపడువానిమీదనే అందఱి పనియు వచ్చి పడును. నేడు దయతో చేసినది రేపు విధియగును, ఎల్లుండి చేయనిచో నింద వచ్చును. ఇండ్లలో పెద్దకూతుండ్రకు, పాఠశాలలలో మంచి ఉపాధ్యాయులకు ఈ సంగతి మేము చెప్పనక్కఱలేదు.

పిల్లల మార్కుల పత్రములో పరోపకారమునకు కూడ ఒక గడి ఉండవలెనని కొందఱు తల్లిదండ్రులు తలపవచ్చును. మాకు అది ఇష్టము కాదు. గడి ఏర్పడిన మఱునాడే, సాయము చేయు బాలుడు తోడివానిని విడిచి ఉపాధ్యాయునివైపు చూడనారంభించును.