సైరన్ మోగి ఆగిపోతే?

భద్రాచలం దగ్గర గోదారి 43 అడుగులు తాకితే మొదటి హెచ్చరిక. 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటినప్పుడు ఖమ్మం దాకా అందరి కళ్లూ ఆ అంకెమీదే!

నీటిమట్టం చూసి సైరన్ మోగించే పరికరం ఒకటుందనుకోండి. దాని చిప్పులోనూ ‘రిజిస్టర్లు’ ఉంటాయి. ఒక గడి దీపానికి, పక్కది సైరన్‌కి. దీపం వెలిగించాలంటే మామూలుగా మొత్తం రిజిస్టరు చదివి, ఒక్క గడి దిద్ది, తిరిగి మొత్తం రాయాలి. సరిగ్గా ఆ మధ్యలో ఇంటరప్ట్ వచ్చి సైరన్ మోగించిందా, మన చేతిలోని పాత నకలు దాన్ని కాస్తా ఆపేస్తుంది! ఇద్దరు గుమాస్తాలు ఒకే దస్త్రాన్ని విడివిడిగా దిద్దినట్టన్నమాట.

ఎస్‌టీఎం32 చిప్పుల్లో దీనికి విరుగుడు బీఎస్ఆర్ఆర్ అనే రిజిస్టరు. కింది 16 గళ్లలో 1 రాస్తే ఆ పిన్ను ఆన్, పై 16లో రాస్తే ఆఫ్. సున్నా పడినచోట ఏదీ మారదు. చదవడం లేదు, దిద్దడం లేదు, ఒకటే రాత. వేగం సరే, నాకు నచ్చింది మాత్రం సైరన్ ఆగకపోవడమే.

కరెంటు ఆదాకి ఇంకో కిటుకుంది. మారని రిజిస్టరుకు క్లాక్ టిక్కులే అందకుండా ఆపేస్తారు. అడవి అంచున బ్యాటరీమీద నడిచేవాటికి అది పెద్ద ఊరట.