కిటికీలో ఎండ – కుండీలో మొక్క

మా హాస్టల్ గదికి పడమటి కిటికీ. మధ్యాహ్నం రెండు దాటితే ఎండ మంచం మీదికొచ్చి కూర్చుంటుంది. ఫస్టియర్‌లో అక్కడో మనీప్లాంటు పెట్టాను. అంచులు మాడి, వేసవి రాకముందే చచ్చింది. ఫీజు కట్టడానికొచ్చిన నాన్న కుండీ చూసి, "నేలను బట్టి పైరేస్తాం గదరా, కిటికీని బట్టి మొక్క పెట్టాలని తెలీలేదా?" అన్నాడు. బోటనీ చదివేవాడికి ఇంతకన్నా తలవంపు ఏముంది?

మనీప్లాంటు చెట్లనీడన పాకే తీగ. నేరుగా కొట్టే ఎండ దానికి గిట్టదు. కిటికీలూ అన్నీ ఒకటి కావు. తూర్పు కిటికీకి ఉదయపుటెండ, తులసికి నప్పుతుంది. దక్షిణపు కిటికీకి మనవైపు చలికాలంలోనే ఎండ ఎక్కువ; మే నెలలో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కనుక లోపలికి అంతగా రాదు. పడమటి కిటికీదే అసలు పరీక్ష.

దానికి నేనెంచుకున్నది రణపాల. మా దొడ్లోంచి ఒక్క ఆకు తెచ్చి తడిమట్టి మీద పెడితే, ఆకు అంచు గంట్లలోంచి పిల్లమొక్కలు లేచాయి.

దీని రహస్యం రాత్రిపూట ఉంది. చాలా మొక్కలు పగలు పత్రరంధ్రాలు తెరిచి, బొగ్గుపులుసు వాయువును తీసుకుంటూ నీటిని పోగొట్టుకుంటాయి. రణపాల, కలబంద రాత్రి తెరుస్తాయి. ఆ వాయువును మాలిక్ ఆమ్లంగా దాచుకుని, పగలు రంధ్రాలు మూసి, దాచిన సరుకుతో వంట చేసుకుంటాయి. అందుకే రణపాల ఆకు ఉదయం పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా ఉంటుందని బెంజమిన్ హైనె రాసిన సంగతి 1815లో అచ్చయింది. ఆయన ఒకప్పుడు మన సామర్లకోటలో కంపెనీ తోటను చూసినవాడే!

మీరు మాత్రం రుచి చూడకండి. ఇది పశువులకు విషం. నేను ల్యాబులో ఆకురసాన్ని టైట్రేషన్ చేశాను. ఉదయపు రసానికి క్షారం ఎక్కువే పట్టింది.

కుండీ అడుగున చిల్లు ఉండాలి. పైమట్టి ఆరాకే నీళ్లు పోయాలి. ఎండకన్నా అతి తడే దీనికి శత్రువు.

సంక్రాంతి సెలవులకెళ్లి పది రోజులకొచ్చినా నా మొక్క నిక్షేపంగా ఉంది. ఆ సంగతి చెబితే నాన్న కాసేపాగి, "మన మిరపక్కూడా ఆ విద్య వస్తే బాగుణ్ణు" అన్నాడు. బోరెండిపోయిన ఏడు చేను వాడిపోవటం చూసినవాడి మాట అది. నాకిప్పుడు పాఠం వేరుగా వినబడుతోంది.