మండల పరిషత్తు బడి ఎవరిది? దాని డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?



ఈసారి గోడ పత్రికకి నేను బడి గురించి రాస్తున్నాను. బడి గురించి ఏముంది, రోజూ చూసేదే కదా అనుకోకండి. నేను కూడా అలాగే అనుకునేదాన్ని. "సర్కారు బడి" అంటాం. ఏ సర్కారు? డిల్లీలోదా, అమరావతిలోదా, మండలంలోదా? అడిగితే మనలో ఎవరికీ సరిగ్గా తెలియదు. నాకు కొంచెం తెలిసింది, మా అమ్మ వల్ల. అది చివర చెప్తాను.

మాది రంపచోడవరం అవతల కొండ మీద ఊరు. మేము కొండరెడ్లం. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటి మనిషిని నేనే. నాలుగు, ఐదు తరగతులు మాత్రం కింద కోనసీమలో చదివాను. మా అయ్య ఆత్రేయపురం మండలంలో ఒక కొబ్బరితోటకి కాపలా కుదిరాడు. అందరం అక్కడికి వెళ్ళాం. ఆత్రేయపురం అంటే పూతరేకులు. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట పెట్టి, జయ బియ్యం పిండిలో గుడ్డ ముంచి కుండ మీద పరిస్తే పల్చటి రేకు వస్తుంది. ఆ పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బడి పాలన కూడా పూతరేకులాగే ఉంటుంది. పైకి ఒకటే కనిపిస్తుంది, విప్పితే అన్నీ పొరలే. ఒక్కొక్క పొర చెప్తాను.

1. బోర్డు మీద పేరు

నేను చదివిన బడి గోడ మీద "మం.ప.ప్రా. పాఠశాల" అని ఉండేది. అంటే మండల పరిషత్తు ప్రాథమిక పాఠశాల. హైస్కూలు మీద "జి.ప." అని ఉంటుంది, అంటే జిల్లా పరిషత్తు. పేరును బట్టి ఒకటి మండలానిది, ఒకటి జిల్లాది.

ఇది పాత కథ. కోనసీమ మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు బళ్ళు తాలూకా బోర్డు, జిల్లా బోర్డు నడిపేవి. అందుకే ముసలివాళ్ళు ఇప్పటికీ "బోర్డు స్కూలు" అంటారు. 1920లో వచ్చిన మద్రాసు ఎలిమెంటరీ విద్యా చట్టం ప్రకారం బళ్ళ కోసం ప్రజల మీద విద్యా పన్ను కూడా వేయొచ్చు. 1959లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి. చిన్న బళ్ళు సమితికి, హైస్కూళ్ళు జిల్లా పరిషత్తుకి వెళ్ళాయి. 1986 చట్టంతో సమితులు పోయి మండల పరిషత్తులు వచ్చాయి. 1992లో రాజ్యాంగానికి 73వ సవరణ చేసి, పంచాయతీలకు ఇవ్వదగిన 29 పనుల పట్టిక పెట్టారు. అందులో 17వది చదువు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి కోనసీమ వేరే జిల్లా అయ్యింది, కేంద్రం అమలాపురం. కానీ 2021లో ఎన్నికైన జిల్లా పరిషత్తు మాత్రం పాత తూర్పు గోదావరికి కలిపే ఉండిపోయింది, కాకినాడలో. అంటే ఒక హైస్కూలుకి విద్యాధికారి ఒక ఊళ్ళో, జిల్లా పరిషత్తు ఇంకో ఊళ్ళో. నాకు ఇది తెలిసినప్పుడు నవ్వొచ్చింది.

2. టీచర్ల జీతాలు

బడి ఖర్చులో పెద్ద భాగం టీచర్ల జీతాలే. పేరు మండల పరిషత్తుది అయినా జీతం మండలం ఇవ్వదు. రాష్ట్ర ప్రభుత్వం ఖజానా నుంచి ఇస్తుంది. టీచర్లని డీఎస్సీ పరీక్ష పెట్టి తీసుకుంటారు. జిల్లాకి డీఈవో, మండలానికి ఎంఈవో ఉంటారు. ఇప్పుడు మండలానికి ఇద్దరు ఎంఈవోలు.

ఏ తరగతి ఏ బడిలో ఉండాలో కూడా పైనే నిర్ణయిస్తారు. 2022లో ఒక ఉత్తర్వు వచ్చి చాలాచోట్ల 3, 4, 5 తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్ళకి మార్చారు. 2025లో ఆ ఉత్తర్వు తీసేసి వేరే పద్ధతి పెట్టారు. రెండుసార్లూ బడి మారింది, పిల్లలు నడిచే దారి మారింది, మండల పరిషత్తు అనే పేరు మాత్రం గోడ మీద అలాగే ఉంది.

3. సుద్దముక్కలు, కరెంటు, చీపురు

దీనికి సమగ్ర శిక్ష అనే పథకం నుంచి గ్రాంటు వస్తుంది. 100 రూపాయల్లో 60 కేంద్రం, 40 రాష్ట్రం. పిల్లలు 30 మంది లోపు ఉంటే ఏడాదికి 10,000 రూపాయలు, 100 లోపు ఉంటే 25,000, 250 లోపు ఉంటే 50,000 అని లెక్క. ఇందులో పదో వంతు శుభ్రతకి వాడాలి.

మా బడిలో అరవై మందిమి. అంటే 25,000. ఏడాదికి పన్నెండు నెలలు కదా, భాగించి చూడండి. నెలకి 2,083 రూపాయలు. అందులోనే సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, విరిగిన బల్ల. శుభ్రతకి ఏడాది మొత్తానికి 2,500.

4. అన్నం

2001లో సుప్రీంకోర్టు బడిలో వండిన అన్నం పెట్టాలని చెప్పింది. మన రాష్ట్రంలో 2003 జనవరిలో మొదలైంది. బియ్యం కేంద్రం ఇస్తుంది. వంట ఖర్చు ఇద్దరూ పంచుకుంటారు. 2024 నుంచి ఈ భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆమెది కోనసీమే. లంకల గన్నవరంలో గోదావరి దాటి వచ్చేవాళ్ళకి ఏ వేళకి వచ్చినా అన్నం పెట్టేదంట.

5. కమిటీ

ఇది మన అమ్మలకి, అయ్యలకి సంబంధించిన పొర. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ప్రతి సర్కారు బడికి ఒక కమిటీ ఉండాలి. నాలుగు వంతుల్లో మూడు వంతులు తల్లిదండ్రులే. సగం మంది ఆడవాళ్ళు. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురిని ఎన్నుకుంటారు, ఐదు తరగతుల బడికి పదిహేను మంది. హెడ్మాస్టరు కన్వీనరు. బడికి వచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందో చూసే పని చట్టమే ఆ కమిటీకి ఇచ్చింది. హెడ్మాస్టరు దయతలచి చూపించేది కాదు.

2021 సెప్టెంబరులో కమిటీ ఎన్నికలు పెట్టారు. రేకులు తీసే ఆడవాళ్ళు పొయ్యి ఆర్పేసి వచ్చారు. మా అమ్మ ఎన్నికైంది. పోటీపడి గెలిచింది కాదు. మా తరగతిలో ఎస్టీ తల్లి ఆమె ఒక్కతే, అందుకని పేరు రాసేశారు. అమ్మకి చదువు రాదు. మీటింగుకి నన్ను తోడు తీసుకెళ్ళేది.

మా బడిలో ఆడపిల్లల బాత్రూముకి తలుపు లేదు. ఒకళ్ళం లోపలికి వెళ్తే ఇంకొకళ్ళం గోనెపట్టా అడ్డం పట్టుకుని నిలబడేవాళ్ళం. గాలేస్తే పట్టా ఎగిరిపోయేది. కొంతమంది పొద్దున్నుంచీ నీళ్ళు తాగకుండా ఉండేవాళ్ళు.

ఒకరోజు మీటింగు అయ్యాక రిజిస్టరు అమ్మ ముందు పెట్టారు. అందరూ సంతకాలు పెట్టేశారు. అమ్మ వేలికి సిరా కూడా రాశారు. అప్పుడు అమ్మ నాతో "చదువు" అంది. నేను పైకి చదివాను. నాలుగో లైనులో "బాలికల మరుగుదొడ్డి తలుపు మరమ్మతు చేయించడమైనది" అని ఉంది.

అమ్మ వెనక్కి తిరిగి బాత్రూము వైపు చూసింది. "తలుపేదండీ?" అంది.

ఎవరూ మాట్లాడలేదు. మాస్టారు తల దించుకుని, గ్రాంటు ఇంకా పడలేదమ్మా, మార్చి లోపల లెక్క చూపించాలి, డబ్బు పడగానే పెట్టిస్తాను, ముందు రాసి ఉంచాను అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. సుద్దముక్కలు సొంత డబ్బుతో కొనేవారు. నాకు భిన్నాలు నేర్పింది ఆయనే. అయినా అమ్మ ఒప్పుకోలేదు. "నా వేలు పడితే నేను చెప్పినట్టే కదండీ. లేని తలుపు ఉందని నేనెలా చెప్పేది?" అంది. గట్టిగా అనలేదు. చెయ్యి మాత్రం ఒళ్ళోనే పెట్టుకుంది.

అప్పుడు రేకులు తీసే ఒక అత్త లేచి, నిజమే కదా, ఆ లైను కొట్టేయండి అంది. కొట్టేశారు. కింద "తలుపు లేదు, వెంటనే పెట్టించవలెను" అని తీర్మానం రాశారు. అప్పుడు అమ్మ వేలు వేసింది. ఆ కాగితం నకలు మండలానికి వెళ్ళింది. సంక్రాంతి సెలవులు అయ్యి వచ్చేసరికి తలుపు ఉంది. రేకు తలుపు, లోపల గడియ. మేము నలుగురం ఒకరి తర్వాత ఒకరం వెళ్ళి ఊరికే గడియ వేసి తీశాం.

6. మన ఊళ్ళోనే పన్ను వేస్తే?

అమెరికాలో పల్లెటూళ్ళ బళ్ళకి కూడా స్కూల్ డిస్ట్రిక్టు అని ఉంటుందని మా సోషల్ మేడం చెప్పారు. చాలాచోట్ల ఊరివాళ్ళే ఓట్లేసి బోర్డును ఎన్నుకుంటారు. ఇంటి పన్ను, భూమి పన్ను నుంచి బడికి చాలా డబ్బు వస్తుంది. అడిగితే జవాబు చెప్పేవాడు ఊళ్ళోనే ఉంటాడు. అది బాగుంది. కానీ నేను ఆలోచించాను. అలా అయితే కొబ్బరితోటలున్న ఊరి బడి బాగుంటుంది. తాటాకు ఇళ్ళున్న మా కొండ ఊరి బడికి ఏ పన్ను వస్తుంది? కాబట్టి డబ్బు పైనుంచి రావడమే మనకి మంచిది. కాకపోతే పైనుంచి వచ్చే డబ్బుకి కింద కళ్ళు ఉండాలి. ఆ కళ్ళే కమిటీ.

7. మన సంగతి

మన బడికి మండల పరిషత్తుతో సంబంధం లేదు. గిరిజన సంక్షేమ శాఖ చూస్తుంది, డబ్బు దాని పద్దు నుంచి వస్తుంది. కానీ ఇక్కడ కూడా తల్లిదండ్రుల మీటింగు పెడతారు. మన అమ్మలు కొండ దిగి రెండు బస్సులు మారి వస్తారు. సాయంత్రం బస్సు తప్పిపోతుందని, చూపించిన చోట వేలు వేసి వెళ్ళిపోతారు. అందులో ఏముందో వాళ్ళకి తెలియదు. మనకీ తెలియదు. తప్పు ఉందని నేను అనడం లేదు. చదవలేదు అంటున్నాను, అంతే.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. ఈసారి మీటింగులో వేలిముద్రలకి ముందు ఆ కాగితం పైకి చదివించండి. చదవడానికి తొమ్మిదో తరగతి వాళ్ళం ఉన్నాం. కోయ మాటలో చెప్పడానికి మా క్లాసులో ఇద్దరున్నారు. పావుగంట కంటే ఎక్కువ పట్టదు, బస్సు కూడా తప్పిపోదు.

చెల్లెళ్ళకు ఒక మాట. మీ అమ్మ వేలికి సిరా రాసేటప్పుడు పక్కన నిలబడండి. చదువు అని ఆమె అడగకపోయినా మీరే చదవండి. చదువు రాని వాళ్ళ ఇంట్లో మనకి చదువు వచ్చింది అందుకే కదా.

రాసిందాంట్లో తప్పులుంటే మన్నించండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని